తోక పట్టడం నేర్చుకున్న రోజులు

సెప్టెంబర్ 8, ఆదివారం

జరిగిందంతా తారీఖులతో రాసిపెట్టుకోమని నా లాయర్ జితేందర్ చెప్పాడు. "అన్నా, కోర్టుల అడిగితే తడబడొద్దు, అంతా ఒక్క దగ్గర రాసుకో" అన్నాడు. లాయర్‌కి కావలసింది ఒకటిన్నర పేజీ టైప్ చేసి పంపేశాను. ఈ నోట్‌బుక్ మాత్రం నాది. దీన్ని ఎవడికీ చూపించే పని లేదు.

ఆగస్టు 30, శుక్రవారం సాయంత్రం, వంటింట్లో స్పందనకీ నాకూ మాటా మాటా పెరిగింది. చేయి తగిలింది. ఆమె పెదవి చిట్లింది, మూడు కుట్లు పడ్డాయి. అంతే జరిగింది. పన్నెండేళ్ళ కాపురంలో ఒక్కసారి చేయి తగిలినందుకు బేడీలు వేసి తీసుకుపోయారు. ఇప్పుడు డాలస్ పక్కన కాపెల్‌లో నా ఇంటికి నేను రెండువందల గజాల దూరంలో ఉండాలట. అవని నా కూతురు, ఎనిమిదేళ్ళది. దాన్ని కూడా ఎవరో ఒకరు కాపలా ఉంటేనే చూడాలట. స్పందన కేసు వద్దని కాగితం మీద సంతకం పెడితే అంతా తేలిపోతుందని జితేందర్ అంటున్నాడు. వాయిదా నవంబర్ 19.

వారం మోటెల్‌లో ఉండి విసిగిపోయి ఫోన్‌లో వెతికితే ఇది కనపడింది. డాలస్‌కి దక్షిణంగా గంటన్నర దూరంలో గుర్రాల దొడ్డి. ఊళ్ళు తిరిగేవాళ్ళకి ట్రెయిలర్‌లో గది ఇచ్చి, పొద్దున్నపూట మెక్సికో రౌతుల విద్య నేర్పుతారు. ఆ రౌతుల్ని చారోలంటారు. ఇంటర్నెట్ ఉంది. వర్క్ ఫ్రమ్ హోమ్‌కి హోమ్ ఒక్కటే తక్కువ.

దొడ్డి యజమాని డాన్ యూసేబియో. అరవై ఆరేళ్ళు, పొట్టి మనిషి, కుడిచేతికి బొటనవేలు లేదు. నేనెవరో ఏమిటో పెద్దగా అడగలేదు.

"టూరిస్టువా?" అన్నాడు.

అవునన్నాను.

"పెళ్ళాం?"

"ఇండియాలో ఉంది" అన్నాను.

సెప్టెంబర్ 11

మూడుసార్లు పడ్డాను. మూడోసారి నోటినిండా మట్టి, పంటికింద రక్తం. ఆఫీస్ మీటింగ్‌లో కెమెరా ఆపేసి కూర్చున్నాను.

సెప్టెంబర్ 14

బొటనవేలి సంగతి నిన్న ముసలాయనే చెప్పాడు. ఉచ్చు విసిరి ఎద్దుని పట్టాక, తాడుని జీను ముందుండే కొయ్య మొండికి చుట్టాలి. చుట్టేటప్పుడు బొటనవేలు పైకి ఉండాలి. ఒకరోజు కిందికి ఉంది. ఎద్దు అవతల గుంజింది. తాడు బిగిసింది. ఏమీ తెలియలేదట, గ్లౌజు తీస్తే వేలు గ్లౌజులోనే ఉండిపోయిందట. చెబుతూ చెబుతూ బీన్స్ తింటున్నాడు.

నాతోపాటు చికాగోనుంచి ఒక జంట వచ్చారు నేర్చుకోవడానికి. ఆ కథ వినగానే ఆవిడ ప్లేటు పక్కన పెట్టేసింది. ఈ రోజు పొద్దున్నే కారెక్కి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఇంకో నెలకి బుక్ చేసుకున్నాను.

నా గుర్రం పేరు కనేలా. దాల్చినచెక్క అని అర్థమట. రంగూ అదే. తొమ్మిదేళ్ళ ఆడగుర్రం, సాధువు.

సెప్టెంబర్ 19, గురువారం

ఈ రోజు తోక పట్టాను.

మళ్ళీ మళ్ళీ గుర్తుచేసుకుంటున్నాను కాబట్టి రాస్తాను. పొడుగాటి బాట, రెండువైపులా గోడ. చివర తలుపు తీస్తే కోడె బాణంలా వస్తుంది. రౌతు దాని ఎడమపక్కన గుర్రాన్ని దౌడు తీయించాలి. వంగి కుడిచేత్తో తోక పట్టుకోవాలి. కుడికాలు ఎత్తి తోక మీదుగా వేసి, తోకని కాలికి ఒక చుట్టు చుట్టి, గుర్రాన్ని పక్కకి ఉరికించాలి. అప్పుడు కోడె వెనకకాళ్ళు గాలిలోకి లేచి, అది వీపుమీద పడి దొర్లుతుంది. ఎంత దొర్లితే అన్ని పాయింట్లు.

ఆరోసారి పడింది. నాకు నాలుగింతల బరువున్న జంతువు. దుమ్ము లేచింది, దాని ఊపిరి ఒక్కసారిగా బయటికి వచ్చిన చప్పుడు వినపడింది. నాలుగు కాళ్ళూ ఆకాశంవైపు తన్నుకున్నాయి. ఈ ఏడాదిలో ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను. సిగ్గేమీ లేదు చెప్పుకోవడానికి.

"ఇంజనీరు, నీ చేతికి ఆ పట్టు ఎవరు నేర్పారు?" అన్నాడు ముసలాయన. మిగతావాళ్ళకి అది రావడానికి ఆరునెలలు పడుతుందట. నేను నవ్వాను.

సెప్టెంబర్ 22, ఆదివారం

విశ్వనాథం అంకుల్ ఫోన్ చేశారు. డెబ్భైల్లో ఈ దేశం వచ్చి గుండె డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇక్కడి తెలుగువాళ్ళలో ఏ ఇంట్లో గొడవైనా ఆయన దగ్గరికే వస్తుంది.

"చూడు బాబూ రఘువీర్, నేనూ మీ ఆంటీ వెళ్ళి ఆ అమ్మాయితో మాట్లాడాం. కేసు నిలబడితే నీ వీసా ఏమవుద్దో, అవని చదువేమవుద్దో అన్నీ చెప్పాను. ఆలోచిస్తానంది. నువ్వు కాస్త ఓపిక పట్టు."

"ఆలోచించడానికి ఏముంది అంకుల్?"

"అలా మాట్లాడకయ్యా. ఆ అమ్మాయి కూడా బెదిరిపోయి ఉంది."

బెదిరిపోవడానికి నేనేమైనా పులినా? సొంతంగా ఉద్యోగం చేస్తోంది, సొంతంగా వీసా ఉంది. పోయేదంతా నాదే.

సెప్టెంబర్ 24

స్పందన సంతకం పెట్టలేదు.

సెప్టెంబర్ 25

కనేలా ఈ రోజు మొండికేసింది. బాట మొదట్లోనే నిలబడిపోయి కదలనంది. నాలుగుసార్లు మంచిగా చెప్పాను. ఐదోసారి దిగి తాడు కొసతో మొహంమీద కొట్టాను. రెండుసార్లు. కంటికింద చర్మం లేచింది. తర్వాత బుద్ధిగా పరుగెత్తింది, ఇక రోజంతా ఒక్క తప్పు చేయలేదు. కొన్నింటికి అలా చెబితేనే ఎక్కుతుంది.

ముసలాయన చూశాడు. ఈయనేమన్నా సన్యాసా, సూది వేయాల్సి వస్తే గుర్రం చెవి మెలిపెట్టి మోకాళ్ళమీద కూలదోస్తాడు. సాయంత్రం మాత్రం కనేలా కంటికింద ఏదో మందు రాస్తూ కనపడ్డాడు.

సెప్టెంబర్ 28

కనేలాకి కొత్త రోగం. నేను చేయి ఎత్తితే తల విసురుతోంది. టోపీ తీసినా, చెమట తుడుచుకున్నా అంతే. పళ్ళు చూడాలని ముసలాయనకి చెప్పాను.

"పళ్ళు బాగానే ఉన్నాయి" అన్నాడు.

అక్టోబర్ 5, శనివారం

అవనిని చూశాను. ఒక సెంటర్‌లో గంటసేపు. కాపలాకి ఒక ఆవిడ మూల కూర్చుని ఏదో రాసుకుంటూనే ఉంది.

పిల్ల బొమ్మ వేసింది. గుర్రం వేయమంటే వేసింది. స్కూల్ గురించి అడిగితే "ఇట్స్ ఫైన్" అంది. తెలుగులో చెప్పమన్నాను.

"బాగుంది డాడీ. మిస్ రాబిన్ నాకు స్టార్ ఇచ్చింది. అమ్మ టేస్టీ దోసె చేసింది."

"నన్ను అడిగిందా అమ్మ?"

అది మళ్ళీ బొమ్మకేసి వంగింది. పిల్ల ముక్కు కారుతుంటే నేను బల్ల మీదుగా టిష్యూ బాక్స్ కోసం చేయి చాపాను. అవని కళ్ళు గట్టిగా మూసుకుని తల భుజాల్లోకి దించేసుకుంది. ఆ కాపలా ఆవిడ రాయడం ఆపి నన్ను చూసింది, మళ్ళీ రాసుకుంది.

పిల్లకి నిద్ర సరిపోవడం లేదు. స్పందన దాన్ని సరిగ్గా చూసుకోవడం లేదు. ఈ సంగతి జితేందర్‌కి చెప్పాలి.

అక్టోబర్ 6

పన్నెండు కోడెల్ని పడేశాను ఈ రోజు. పదోదాని తోక చర్మం ఊడి చేతిలోకి వచ్చేసింది. వెచ్చగా, మేజోడులాగా. లోపల తెల్లటి ఎముక. కోడె గోడకేసి గుద్దుకుంటూ తిరిగింది, గోడంతా రక్తపు చారలు. ముసలాయన దాన్ని పట్టి కట్టేయించి, ఊడినంతవరకూ కోసేసి ఊదారంగు మందు పోశాడు. అది అరిచిన అరుపుకి పక్క దొడ్డి కుక్కలన్నీ మొరిగాయి.

"ఈ రోజుకి చాలు" అన్నాడు నాతో.

"ఇంకో రెండు ఉన్నాయి కదా" అన్నాను.

పడేసే వచ్చాను.

అక్టోబర్ 12, దసరా

ఇక్కడ దసరా లేదు. ఫోన్‌లో గ్రూపు ఫోటోలు చూశాను. స్పందన ఆకుపచ్చ చీర కట్టుకుని విశ్వనాథం అంకుల్ ఇంట్లో బొమ్మల కొలువు పక్కన నిలబడింది. పెదవి మీద గీత ఉంది. లిప్‌స్టిక్ వేస్తే కనపడదు, కావాలనే వేసుకోలేదు.

జితేందర్ మళ్ళీ అడిగాడు. ఒక్కసారేనా అన్నా, హాస్పిటల్ కాగితంలో భుజం గురించి కూడా ఉంది అని. సరే, రెండుసార్లు తగిలి ఉంటుంది. భుజం ఆమె డిష్‌వాషర్ తలుపుమీద పడటంవల్ల. ఆ తలుపు ఎప్పుడూ తెరిచి పెడుతుంది, ఎన్నిసార్లు చెప్పినా వినదు.

అక్టోబర్ 20, ఆదివారం

సంతకం పెట్టింది.

విశ్వనాథం అంకుల్ స్వయంగా కాగితం తెచ్చారు, ఇంతదూరం డ్రైవ్ చేసుకుని. నాకు ఆయన కాళ్ళు పట్టుకోవాలనిపించింది. జితేందర్‌కి ఫోన్ చేస్తే "ఇగ కేసు వీక్ అయితది అన్నా, పరేషాన్ గాకు" అన్నాడు. వాయిదా అవగానే ఇంటికి పోవచ్చు.

కాఫీ తాగుతూ అంకుల్ ఒక సంగతి చెప్పారు.

"నీకు తెలియాలని చెప్తున్నానయ్యా. అవని గదికి లోపలివైపు గడియ పెట్టించింది స్పందన. పిల్ల చేతికి అందే ఎత్తులో."

"దేనికి?"

ఆయన నా మొహంలోకి చూసి కప్పు కింద పెట్టారు. "వస్తాను బాబూ, ట్రాఫిక్ పెరుగుద్ది" అన్నారు.

సొంత ఇంట్లో గడియలు. ఇంటికెళ్ళగానే మొదట స్క్రూడ్రైవర్ తీసుకుని అది పీకేస్తాను.

అక్టోబర్ 23

ఆదివారం ఇక్కడ పోటీ. నన్నూ దిగమన్నారు. ముసలాయన తన వెడల్పాటి అంచుల పాత టోపీ ఇచ్చాడు. అద్దంలో చూసుకుంటే నన్ను నేనే గుర్తుపట్టలేదు.

అక్టోబర్ 30, బుధవారం

ఎడమచేత్తో రాస్తున్నాను. కుడి జబ్బ ఎముక రెండుచోట్ల విరిగింది, చేయి కట్టులో ఉంది.

ఆదివారం పొద్దున పదకొండింటికి నా వంతు వచ్చింది. రెండువందల మంది జనం, బ్యాండు, పిల్లలు. తలుపు తీశారు. ఇన్నాళ్ళూ నేను పడేసినవి బక్కచిక్కిన గోధుమరంగు కోడెలు. ఇది తెల్లది. మూపురం ఉంది, గంగడోలు ఉంది. మాది అద్దంకి. అచ్చం మా వైపు ఒంగోలు గిత్తే వచ్చి బాటలో పరుగెత్తుతోంది. ఆ జాతి రక్తం టెక్సాస్ పశువుల్లో ఉందని విన్నానుగానీ చూడటం అదే మొదటిసారి.

తోక చిక్కింది. కాలు ఎత్తాను. అప్పుడే గిత్త కాళ్ళు తన్నిపెట్టి ఆగింది, కనేలా ముందుకు పోయింది, నా బూటు వెళ్ళి దాని మూపురంమీద పడింది. పూర్తిగా, అడుగంతా.

నా కుడిచేయి తోక వదిలేసింది. మూపురాన్ని తాకి కళ్ళకి అద్దుకుంది.

నేను అద్దుకోమనలేదు. అదే చేసేసింది. గుర్రంమీద ఒకపక్కకి వేలాడుతున్న మనిషికి పట్టుకున్నది వదిలితే ఇక ఏమీ ఉండదు. నేను కిందికి జారాను, కళ్ళెం నాతోపాటు గుంజుకుంది, కనేలా మెడ తిరిగిపోయి గిత్తమీద తట్టుకుని పడింది. నా జబ్బ విరిగిన చప్పుడు కంటే దాని కాలు విరిగిన చప్పుడు పెద్దది. లేవాలని చూసింది. ముందు కుడికాలు మోకాలికింద రెండుగా మడిచి ఉంది, ఎముక బయటికి వచ్చింది, ఆ ఎముకమీదే నిలబడాలని చూసింది. రెండుసార్లు లేచి రెండుసార్లు పడింది.

జనం లేచి నిలబడ్డారు. ఎవరో పిల్లల మొహాలు తిప్పారు. ముసలాయన తుపాకి తెచ్చాడు. కనేలా తలదగ్గర మోకాళ్ళమీద కూర్చుని నుదుటిమీద చేయి పెట్టాడు. ఆయన చేయి ఎత్తితే అది తల విసరలేదు. నేను మూడు గజాల దూరంలో మట్టిలో పడి ఉన్నాను, నాకు అంతా కనపడింది. పేల్చాక దాని కాళ్ళు కాసేపు పరుగెత్తాయి.

ఏడ్చాను. ఇప్పుడూ ఏడుస్తున్నాను.

నవంబర్ 2, శనివారం

ముసలాయన ట్రెయిలర్‌కి వచ్చాడు. సూప్ తెచ్చాడు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"తోక ఎందుకు వదిలావు? బాగా పట్టావు, నేను చూశాను."

"కాలు తగిలింది."

"కాలు తగలకుండా ఎలా పడేస్తావు?"

చెప్పాను. మా వాళ్ళు ఎవరికైనా కాలు తగిలితే వాళ్ళని ముట్టుకుని కళ్ళకద్దుకుంటారు. మనిషికైనా, పుస్తకానికైనా, పశువుకైనా. ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు, ఆలోచించి చేసేది కాదు. ఆ తెల్లదాన్ని చూడగానే ఊరు గుర్తొచ్చింది, చేయి దానంతటదే వెళ్ళింది.

"పరుగెత్తే ఎద్దుని క్షమించమని అడిగావు."

"అవును."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. తర్వాత, మా పండగల గురించి అడిగినట్టే, మామూలుగా అడిగాడు.

"మరి చెయ్యి తగిలితే ఏం చేస్తారు?"

"అంటే?"

"కనేలాని మొహంమీద కొట్టావు కదా. అందుకని అడుగుతున్నాను. దానికి మీ దగ్గర ఏమీ లేదా?"

"ఏమీ లేదు" అన్నాను.

ఆయన తలూపి, సూప్ చల్లారిపోతుందని చెప్పి వెళ్ళిపోయాడు. సూప్ తాగలేదు. పొద్దుగూకేదాకా ఆ కుర్చీవైపే చూస్తూ కూర్చున్నాను.

నవంబర్ 3, ఆదివారం

ఆగస్టు 30. ఎడమచేత్తో ఎంతసేపు పట్టినా మొత్తం రాస్తాను.

స్పందన డిష్‌వాషర్ సర్దుతోంది. నేను మా అమ్మని రెండునెలలు పిలిపిద్దామన్నాను, ఆమె వచ్చే ఏడాది చూద్దామంది. అంతే ఆమె అన్నది. గొంతు కూడా పెంచలేదు. మాటా మాటా పెరగలేదు, నా మాట ఒక్కటే పెరిగింది.

మొదట చెంపమీద కొట్టాను. ఆమె నన్ను చూసి "అవని పైన ఉంది" అంది. ఆ మాటకి ఇంకా కోపం వచ్చింది. పిడికిలితో నోటిమీద కొట్టాను. రక్తం నా చొక్కామీద పడింది. ఆమె మెట్లవైపు వెళ్ళబోయింది. జడ పట్టుకున్నాను. చేతికి ఒక చుట్టు చుట్టి పక్కకి లాగాను. ఆమె కాళ్ళు నేల వదిలేశాయి. భుజం డిష్‌వాషర్ తలుపుకి తగిలి తలుపు ఊడిపోయింది. పడ్డప్పుడు ఆమె ఊపిరి ఒక్కసారిగా బయటికి వచ్చిన చప్పుడు వినపడింది. పడ్డాక కాలితో తన్నాను. ఒకసారి. కాదు, రెండుసార్లు.

తన్నిన కాలికి నేనేమీ చేయలేదు. దేన్నీ తాకి కళ్ళకద్దుకోలేదు.

తలెత్తితే అవని మెట్లమీద ఉంది. దాని చేతిలో అమ్మ ఫోన్ ఉంది. అది స్కూల్లో నేర్పినట్టు పోలీసులకి ఇంటి నంబరు, వీధి పేరు, తన పూర్తి పేరు ఒక్కొక్కటే చెబుతోంది. "మై డాడ్ ఈజ్ హిటింగ్ మై మామ్" అని చెప్పింది. నేను ఫోన్ ఇమ్మని చేయి చాపాను. అది ఇవ్వలేదు. ఫోన్‌ని రెండు చేతులతో గుండెకి పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది, కళ్ళు మూసుకునే వాళ్ళడిగినదానికి జవాబులు చెప్పింది.

అది మొదటిసారి కూడా కాదు. ఎన్నోసారో రాయలేను, లెక్క నాకు తెలియదు. స్పందనకి తెలిసి ఉంటుంది.

నవంబర్ 6

జితేందర్‌కి ఫోన్ చేసి, ఆ కాగితం కోర్టులో పెట్టొద్దు, గిల్టీ అంటాను అన్నాను.

"నీకు దిమాగ్ ఖరాబైందా అన్నా? వదిననే సంతకం పెట్టింది. నువ్వు గిల్టీ అంటే వీసా పోతది, కొలువు పోతది, మళ్ళ ఈ దేశంల అడుగు పెట్టనియ్యరు."

"తెలుసు."

"మరెందుకు?"

ఇంటికెళితే పిల్ల గదికి గడియ ఉంది జితేందర్, అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఆ గడియ అక్కడే ఉండాలన్నాను.

నవంబర్ 19, మంగళవారం

అయిపోయింది. జడ్జి మూడుసార్లు అడిగింది, ఎవరైనా బలవంతం చేశారా, దేశం వదలాల్సి రావచ్చని తెలుసా అని. తెలుసన్నాను. గిల్టీ అన్నాను. శిక్ష డిసెంబర్‌లో చెబుతారు.

స్పందన చివరి వరసలో ఆంటీ పక్కన కూర్చుంది. నేను ఆ మాట అన్నప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదని జితేందర్ ముందే చెప్పాడు కాబట్టి చూడలేదు. బయట కారిడార్‌లో, దూరంగా గోడకి ఆనుకుని నిలబడ్డాను. వాళ్ళు వచ్చారు. విశ్వనాథం అంకుల్ నావైపు చూసి తల పంకించారు. స్పందన చూడలేదు. లిఫ్ట్ బటన్ నొక్కి, ఫోన్ తీసుకుని ఎవరికో ఏదో టైప్ చేస్తూ నిలబడింది.

నాకు కోపం వచ్చింది. ఈ నోట్‌బుక్‌లో ఇక అబద్ధం రాయను. ఉద్యోగం పోగొట్టుకుని, దేశం పోగొట్టుకుని నిజం చెప్పాను, ఒక్కసారి తలతిప్పి చూస్తే ఏం పోయింది అనిపించింది. నన్ను అక్కడ ఒక మనిషిలా కూడా లెక్క చేయలేదనిపించింది. అదే కోపం. కొంచెం కూడా తగ్గలేదు. కట్టులో ఉన్న కుడిచేయి పిడికిలి బిగిసింది. విరిగిన ఎముక దగ్గర కళ్ళు చీకట్లు కమ్మేంత నొప్పి పుట్టేదాకా బిగించానని నాకే తెలియలేదు.

లిఫ్ట్ వచ్చింది. వాళ్ళు ఎక్కారు. నాలుగడుగులు వేస్తే నేనూ ఎక్కొచ్చు, నాలుగు మాటలు అనొచ్చు. వేయలేదు. తలుపులు మూసుకునేదాకా గోడకి వీపు ఆనించి ఉన్నాను. ఆ తర్వాత మెట్లమీదుగా ఆరు అంతస్తులూ దిగాను. నెమ్మదిగా దిగాను, వాళ్ళ కారు ముందే వెళ్ళిపోవాలని.